రాకాసి గుళ్ళు ఎవరివి? దక్కన్ రాతి సమాధులూ, పనివాళ్ళ చరిత్రా

ఊరి పొలిమేర దాటి బీళ్ళలో మేకలు కాసిన వాళ్ళకు, కట్టెలకు పోయిన వాళ్ళకు ఇవి కొత్త కాదు. నేల మీద గుండ్రంగా పేర్చిన పెద్ద గుండ్లు, నడుమ రాళ్ళ కుప్ప. వాన కోతకు మట్టి కొట్టుకుపోయిన చోట లోపల నిలబెట్టిన నాలుగు బండలు, వాటి మీద కప్పిన ఇంకో బండ కనబడతాయి. తెలంగాణలో వీటిని రాకాసి గుళ్ళంటారు, రాకాసి గూళ్ళంటారు. కొన్ని చోట్ల పాండవుల గుళ్ళంటారు. కన్నడ దేశంలో మోరియర మనె అంటారు. మోరియలనే పొట్టి మనుషులు కట్టుకున్న ఇళ్ళివి, నిప్పుల వాన కురిసి వాళ్ళంతా పోయారని కథ చెప్తారు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్ళున్నాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అవి అమ్మవారి శాపం తగిలి రాళ్ళయిపోయిన మనుషులని ఆ ఊళ్ళో నమ్మకం. అందులో ఒక రాయికి ఎల్లమ్మ అని మొక్కుతారు కూడా.

కథలు వేరు గానీ మాట ఒక్కటే. వీటిని కట్టింది మనలాంటి మనుషులు కాదు. రాకాసులు, పురాణ పురుషులు, మరుగుజ్జులు, శాపం తగిలినవాళ్ళు. ఎవరైనా సరే, బండ లేపి, మోసి, చెమటోడ్చిన మామూలు మనుషులు మాత్రం కాదు.

ఇది పల్లెటూరి అమాయకత్వమని నవ్వుకోవడానికి లేదు. చదువుకున్న దొరలు రాసిన పుస్తకాలూ సుమారు నూరేళ్ళు ఇదే మాట ఇంకో భాషలో చెప్పాయి. ఈ సమాధుల్లో దొరికిన వస్తువులు నిజంగా ఎవరి కథ చెప్తున్నాయి? ఆ కథ మనకెందుకు కావాలి? వీటిని మా తాతల సమాధులు అని మనం అనవచ్చా? మేం ఇక్కడ చర్చించదలచుకున్నవి ఈ మూడు ప్రశ్నలే.

పెట్టె ఎట్లా కట్టారు?

ముందు కట్టడం సంగతి. పండితులు ఈ కాలాన్ని బృహత్ శిలాయుగం అంటారు. పేరులో శిల ఉంది గానీ నిజానికిది ఇనుప యుగం. మన దక్కన్‌లో ఇవి ఎక్కువగా క్రీ.పూ. 1200 నుంచి క్రీ.పూ. 300 దాకా, అటూ ఇటూగా, కట్టినవి. పేరు చూసి రాతి పనిముట్ల కాలమనుకుంటే మొదటికే మోసం. ఈ బండల కింద దొరికేది ఇనుము.

సమాధుల్లో రకాలున్నాయి. గోతిలో ఎముకలు, కుండలు పెట్టి పైన రాళ్ళు కుప్ప పోసి చుట్టూ గుండ్లు పేర్చినవి కొన్ని. నేలపైనే బండలు నిలబెట్టి పైన కప్పేసినవి కొన్ని. ములుగు జిల్లా దామరవాయిలో ఇవి గుంపులు గుంపులుగా ఉన్నాయి. గోదావరి దగ్గర జానంపేటలో ఒకే రాయిని తొలిచి తొట్టిలాగా చేసిన శవపేటికలున్నాయి. అక్కడికి దగ్గరలోనే దొంగతోగులో మనిషి ఆకారంలో, అందునా ఆడమనిషి ఆకారంలో చెక్కిన నిలువురాయి ఉంది. వీటన్నిటిలో మనం ఎక్కువగా మాట్లాడుకునేది నేలలో దించిన రాతి పెట్టె గురించి. గొయ్యి తవ్వి, అడుగున ఒక బండ పరిచి, నాలుగు పక్కలా నాలుగు బండలు నిలబెట్టి, ఎముకలు, వస్తువులు పెట్టి, పైన కప్పు బండ వేస్తారు. తూర్పు బండకు చాలాచోట్ల గుండ్రటి కంత ఉంటుంది.

ఆ నాలుగు బండలు నిలబెట్టిన తీరు చూడండి. ఒక్కో బండ ఒక కొస పక్క బండను దాటి బయటికి పొడుచుకొని ఉంటుంది. పైనుంచి చూస్తే స్వస్తికం గీసినట్టుంటుంది. పుస్తకాల్లో దీనికి స్వస్తికాకారం అని పేరు పెట్టారు. పేరు వినగానే ఇదేదో వేదకాలపు గుర్తని ఎగిరి గంతేసే వాళ్ళుంటారు. అదేం కాదు, ఇది రాతిపనివాడి ఉపాయం. చుట్టూ ఉన్న మట్టి బండల్ని లోపలికి తోస్తుంది. ఒకదానికొకటి ఆనుకొని అడ్డం పడేట్టు నిలబెడితే, మట్టి ఎంత తోస్తే పెట్టె అంత బిగుసుకుంటుంది గానీ కూలదు. సున్నం లేదు, సిమెంటు లేదు. రెండు మూడు వేల ఏళ్ళు నిలబడింది. దీన్ని మంత్రంతో కట్టలేదు, లెక్కతో కట్టారు.

బండను కొండ నుంచి ఎట్లా లేపారు? మన నల్లరాతి గుట్టలు ఉల్లిపొరల్లాగా పొరలుగా విడుస్తాయి. ఆ పగులు ఎక్కడుందో కనిపెట్టాలి. నిప్పు పెట్టి కాల్చి, పగులులో మేకులు కొట్టి, పొరను లేపాలి. ఈ విద్య తెలిసిన వాళ్ళు మన ఊళ్ళలో ఇటీవలి దాకా ఉన్నారు. వడ్డెర పెద్దమనిషిని ఎవరినన్నా అడగండి, బండ మీద సుత్తితో కొట్టి చప్పుడు విని ఎక్కడ పగులుతుందో చెప్తాడు. ఆయన దగ్గరున్న ఈ చదువుకు మనం ఏ విశ్వవిద్యాలయంలోనూ పట్టా ఇవ్వం.

ఇక మోత. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ ఒక సమాధిని తవ్వింది. దాని కప్పు బండ బరువు 40 టన్నులకు పైన. తీయడానికి క్రేన్లు తేవాల్సి వచ్చింది. క్రేను లేని కాలంలో దాన్ని అక్కడికి తెచ్చి, ఎత్తి, పెట్టె మీద సరిగ్గా కూచోబెట్టిన చేతులెన్ని? దానికి మోకులు పేనాలి, దుంగలు నరకాలి, లాగే వందల మందికి వంట చేయాలి, నీళ్ళు మోయాలి. ఒక సమాధి వెనుక ఊరు ఊరంతా కదిలిన పని ఉంది.

బయటివాడి కోసం వెతుకులాట

ఇంత పని కళ్ళ ముందుంటే చరిత్రకారులు ఏం చేశారు? ఇక్కడి మనుషులు చేశారనడానికి వాళ్ళకు నోరు రాలేదు.

1823లో బాబింగ్టన్ అనే ఆయన మలబారులోని సమాధుల మీద రాశాడు. ఈ సమాధుల గురించి మొదటగా అచ్చయిన రాతల్లో అదొకటి. తర్వాత నిజాం రాజ్యంలో ఉద్యోగం చేసిన మెడోస్ టేలర్ 1850లలో సురపురం, జేవర్గి ప్రాంతాల్లో చాలా సమాధులు తవ్వించాడు. కొలతలు తీశాడు, బొమ్మలు గీయించాడు. ఆ శ్రద్ధను మేం కాదనం. కానీ చివరికి ఆయన తేల్చిందేమిటి? ఇవి యూరపులో కెల్టులు, డ్రూయిడ్లు కట్టిన వాటిలాగా ఉన్నాయి, కాబట్టి అక్కడివాళ్ళూ ఇక్కడివాళ్ళూ ఒక్క జాతే అయి ఉండాలని. గోదావరి ఒడ్డున శిలువ ఆకారపు నిలువురాళ్ళను చూసి ఇవి క్రైస్తవులవేమో అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

20వ శతాబ్దంలో మాటలు మారాయి గానీ ధోరణి మారలేదు. 1947లో మార్టిమర్ వీలర్ చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో తవ్వాడు. మన్ను పొరలు పొరలుగా చూసి కాలం నిర్ణయించే పద్ధతిని గట్టిగా నిలబెట్టిన తవ్వకం అది. రాతిగొడ్డళ్ళ వాళ్ళ పొర మీద ఈ సమాధులవాళ్ళ పొర ఉందని, రెండూ కొంతకాలం కలిసి నడిచాయని ఆయనే చూపించాడు. అయినా సమాధుల వయసును క్రీ.పూ. 200 దగ్గరికి దించాడు. అంటే మౌర్యులు దిగివచ్చే దాకా దక్షిణాదికి ఇనుము తెలియదన్నట్టు. ఆ తర్వాత హళ్ళూరు తవ్వకంలో దొరికిన బొగ్గును పరీక్షిస్తే ఇనుము క్రీ.పూ. 1000 దాకా వెనక్కి పోయింది. వీలర్ లెక్క కూలిపోయింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోనే దొరికిన సమాధుల్లో ఇనుప వస్తువులు బయటపడ్డాయి. తమిళనాడులో ఇనుము క్రీ.పూ. 3వ, 4వ సహస్రాబ్దాల దాకా పోతుందని ఆ రాష్ట్ర పురావస్తు శాఖ 2025లో ప్రకటించింది. ఆ తేదీల మీద వాదన ఇంకా నడుస్తుంది, నడవాలి కూడా. కానీ ఒక్కటి మాత్రం తేలింది. ఇనుము విద్యను ఉత్తరాది రాజులెవరూ మనకు దానం చేయలేదు.

హైదరాబాదు రాజ్యంలో ఆదివాసుల మధ్య పనిచేసిన హైమెండార్ఫ్, ద్రావిడులే బయటినుంచి ఈ సమాధుల ఆచారాన్నీ ఇనుమునూ పట్టుకొని వచ్చారన్నాడు. 1974లో లెష్నిక్, వీళ్ళు ఊరూ వ్యవసాయం లేని సంచార పశుపాలకులన్నాడు. కెల్టులు, సిథియన్లు, మౌర్యులు, మధ్యధరా ద్రావిడులు, గుర్రాల మీద తిరిగే సంచారులు. ఎందరి పేర్లు వినబడ్డాయో చూడండి. 1957లో మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఆల్చిన్ బూడిద దిబ్బను తవ్వితే, అది పశువుల దొడ్డిలో పేడ కాలి ఏర్పడిందని తేలింది. అంటే ఈ సమాధులకు వెయ్యేళ్ళ ముందే ఇక్కడ మందలు కాసిన జనం, తమ పద్ధతులతో బతికిన జనం ఉన్నారు. వాళ్ళ బిడ్డలే నేర్చుకొని, పక్కవాళ్ళతో కలిసి, ఇచ్చిపుచ్చుకొని ఇనుము చేసి ఉండొచ్చు గదా అన్న ఆలోచన చాలాకాలం చివరి వరుసలో కూచుంది.

ఊళ్ళో రాకాసి అన్నారు, పుస్తకంలో వలస జాతి అన్నారు. రెండు మాటలూ చేసిన పని ఒక్కటే. పనికీ పనిచేసిన మనిషికీ ఉన్న ముడిని తెంపేశాయి.

సమాధిలో ఏం పెట్టారు?

ఇప్పుడు పెట్టె తెరిచి చూద్దాం. చాలాచోట్ల శవాన్ని నేరుగా పూడ్చలేదు. ముందు వేరేచోట ఉంచి, కండ పోయాక ఎముకలు ఏరి తెచ్చి పెట్టారు. ఒక్కో పెట్టెలో ఒకరికంటే ఎక్కువ మంది ఎముకలుంటాయి. ఆడవాళ్ళవీ పిల్లలవీ కూడా దొరికాయి. తూర్పు బండకున్న కంత దేనికంటే, తర్వాత చనిపోయినవాళ్ళ ఎముకల్ని కూడా అదే పెట్టెలోకి చేర్చడానికని చాలామంది అభిప్రాయం. అంటే ఇది ఒక మనిషి గుర్తు కాదు, ఒక కుటుంబమో గుంపో తరతరాలు తిరిగి వచ్చిన చోటు.

ఎముకల పక్కన కుండలు. లోపలా అంచూ నలుపు, బయట అడుగు భాగం ఎరుపు. రెండు రంగులు పూసినవి కావు, కాల్చడంలోనే వచ్చినవి. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడక నల్లబడుతుంది, గాలి తగిలిన భాగం ఎర్రబడుతుంది. నిప్పు మీద అంత పట్టు ఉన్న కుమ్మరితనం అది. కుండల మీద గీసిన గుర్తుల్ని హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1917లోనే ఒక జాబితాగా అచ్చువేశాడు. అవి లిపియా కాదా అన్న తగువు ఇప్పటికీ తేలలేదు. లిపి కాకపోయినా సరే, ఇది నాది, ఇది మావాళ్ళది అని చెప్పుకునే చెయ్యి అక్కడుంది.

తర్వాత ఇనుము. గొడ్డళ్ళు, కొడవళ్ళు, పారలు, ఉలులు, బాడిశలు, కత్తులు, బల్లేలు, బాణపు ములుకులు, గుర్రపు కళ్ళేలు. విదర్భలో మాహుర్‌ఝరి దగ్గర గుర్రాలను కూడా పూడ్చారు, వాటి ముఖానికి కట్టిన రాగి తొడుగులు దొరికాయి. కొన్ని సమాధుల్లో వరి పొట్టు, ఉలవలు, మేకల, పశువుల ఎముకలు. పూసలు కూడా ఉన్నాయి. శంఖంతో చేసినవి, ఎముకతో చేసినవి, ఎర్రటి కార్నీలియన్ రాయి మీద క్షారంతో తెల్లటి గీతలు దించినవి. అక్కడక్కడ బంగారం.

పాఠ్యపుస్తకాలు కత్తినీ బల్లేన్నీ ముందు రాస్తాయి. యోధుల సమాధులు అంటాయి. మేం కొడవలినీ పారనూ ముందు రాయమంటున్నాం. చచ్చిపోయిన మనిషికి అవతల కూడా కావాల్సి వస్తుందని జనం పెట్టిన వస్తువుల్లో పనిముట్టు ఉంది. ఉలిని పూడ్చిపెట్టిన సమాజం ఉలి పట్టిన చేతిని నీచమనుకున్నదా? మాకు అనుమానమే. పనిముట్టును ముట్టుకుంటే మైల అని రాసిపెట్టిన పుస్తకాలు ఇంకో కాలానివి, ఇంకో ఆలోచనవి.

మట్టిలో మిగలనిది

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. దొరికిన వాటి జాబితా చూసి, దొరకనివి లేవనుకోవడం పెద్ద పొరపాటు. రాయి, మట్టి, ఇనుము, పూస మిగులుతాయి. తాడు, బుట్ట, బట్ట, చెక్క, తోలు కుళ్ళిపోతాయి.

ఇనుము ఎట్లా తయారవుతుందో ఆలోచించండి. నాగపూర్ జిల్లా నాయకుండ్‌లో ఈ సమాధుల కాలపు ఇనుప కొలిమి బయటపడింది. మట్టితో కట్టిన గుండ్రటి కొలిమి, దానికి గాలి పోయే మట్టి గొట్టాలు, పక్కన చిట్టెం. అంతా ఉంది. ఒక్కటి లేదు. గాలి ఊదిన తిత్తి లేదు. ఎందుకు లేదంటే అది కుళ్ళిపోయే వస్తువు. కొలిమితిత్తి అంటే మన దగ్గర తోలు తిత్తే. బొగ్గు ఎంత పోసినా, రాయి ఎంత మంచిదైనా, ఆగకుండా గాలి కొట్టకపోతే రాయి ఇనుము కాదు. గాలి గొట్టం దొరికిందంటే దాని వెనుక తిత్తి ఉండే ఉండాలి. తిత్తి ఉందంటే చనిపోయిన పశువు తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టో, తంగేడు చెక్క రసంలో నానబెట్టో, మెత్తబరిచి కుట్టిన చెయ్యి ఉండాలి. గుర్రానికి కళ్ళెం ఇనుముదే, పగ్గం మాత్రం దేనిది? గొడ్డలికి కామా బిగించిన కట్టు దేనిది? 40 టన్నుల బండను లాగిన మోకు దేనిది?

దక్కన్ ఇనుప యుగం ఒక కాలు కమ్మరి కొలిమి మీద నిలబడితే, ఇంకో కాలు తోలు తిత్తి మీద నిలబడింది. మొదటి కాలు ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో ఉంది. రెండోది మట్టిలో కలిసిపోయింది. మట్టి చేసిన ఈ మరుపును చరిత్ర రచన సరిదిద్దాల్సింది పోయి దానికి తన మరుపు కూడా కలిపింది. ఇనుము మీద గ్రంథాలున్నాయి, కుండల మీద గ్రంథాలున్నాయి. ఈ కాలపు తోలుపని మీద, తాళ్ళు పేనిన పని మీద, బుట్టలల్లిన పని మీద ఎన్ని పేజీలున్నాయో విద్యార్థులు లెక్కపెట్టి చూడాలి.

ఇదేం ఊహాగానం కాదు. గాలి గొట్టం నుంచి తిత్తిని ఊహించడం, కళ్ళెం నుంచి పగ్గాన్ని ఊహించడం పురావస్తు శాస్త్రం రోజూ చేసే పనే. రాజుల విషయంలో ఒక నాణెం నుంచి సామ్రాజ్యాన్నే ఊహిస్తారు. తోలు దగ్గరికి వచ్చేసరికే ఆధారం ఏదని అడుగుతారు.

తాతలని అనే ముందు

ఇంతదాకా చదివిన మిత్రులు, అయితే ఇవి మన తాతల సమాధులే గదా అంటారు. ఉద్యమ సభల్లో ఈ మాట విన్నాం. మేం కూడా అన్నాం. ఎందుకు అంటామో తెలుసు. పురాణాల్లో రాక్షసులని తిట్టిన వాళ్ళు ఈ నేల మొదటి మనుషులేనని జోతిబా ఫూలే 1873లో గులాంగిరిలో వాదించాడు. రాకాసి గుళ్ళు అన్న పేరు వినగానే ఆ వాదన గుండెకు తగులుతుంది. దళితులు ఈనాటికీ ఎక్కువగా పూడ్చుకునేవాళ్ళే, కాల్చుకునేవాళ్ళు తక్కువ. పోలిక కళ్ళ ముందుంది.

అయినా తొందరపడొద్దంటున్నాం. మూడు కారణాలున్నాయి.

మొదటిది, ఈ సమాధులు ఆనాటి జనమందరివీ కావు. వందల ఏళ్ళ జనాభాకు దొరికిన సమాధుల లెక్క చాలా తక్కువ. ఒక దాంట్లో బంగారం, ఆయుధాలు ఉంటే ఇంకో దాంట్లో నాలుగు కుండలే. ఉదయరవి మూర్తి 1994లో అచ్చయిన తన పుస్తకంలో ఈ తేడాల్ని పోల్చి చూసి, అది హెచ్చుతగ్గులున్న సమాజమేనని చెప్పాడు. బండ కింద పడుకున్నవాళ్ళూ, బండ లాగినవాళ్ళూ ఒక్కరే కాకపోవచ్చు. లాగినవాళ్ళకు బండ దక్కిందా, ఉత్త గొయ్యి దక్కిందా? ఆ ప్రశ్న వదిలేసి స్వర్ణయుగం అని పాట కడితే, వేదకాలం స్వర్ణయుగమన్నవాళ్ళకూ మనకూ తేడా ఏముంది?

రెండోది, నెత్తురు సంగతి. నర్మెట ఎముకల్ని డీఎన్ఏ పరీక్షకు హైదరాబాదులోని సీసీఎంబీకి పంపారు. అయితే ఆ ఎముకల మాట అట్లా ఉంచి, ఇప్పుడు బతికున్న మన నెత్తురు ఏం చెప్తుందో చూద్దాం. సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2013లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ఈ దేశంలో వేర్వేరు జనాలు సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా విరివిగా కలిసిపోయారని, ఆ తర్వాతే ఎవరి గుంపులో వాళ్ళు పెళ్ళి చేసుకోవడం బిగుసుకుందని అందులో తేలింది. మన రాతి సమాధుల కాలం సరిగ్గా ఆ కలిసిన కాలంలో పడుతుంది. కాబట్టి ఆ పెట్టెల్లో ఉన్నవాళ్ళు ఏ ఒక్క కులానికీ సొంత తాతలు కారు. ఈనాడు వాళ్ళను రాకాసులనే కులాలకు కూడా వాళ్ళు తాతలే అయి ఉండొచ్చు.

మూడోది అంబేద్కర్ నేర్పిన జాగ్రత్త. కులం ఆయువుపట్టు సొంత గుంపులోనే పెళ్ళి అని ఆయన 1916లోనే చెప్పాడు. అంటరానివాళ్ళ పుట్టుక మీద 1948లో రాసిన పుస్తకంలో అంటరానితనం పుట్టింది సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలోనని లెక్క కట్టాడు. ఆ తేదీతో ఎవరన్నా వాదించవచ్చు గానీ, అంటరానితనానికి ఒక పుట్టిన తేదీ ఉంటుంది అన్న మాట గొప్పది. పుట్టిన తేదీ ఉన్నదానికి చచ్చే తేదీ కూడా ఉంటుంది. ఈ సమాధుల్లో మాలలని, మాదిగలని వెతికితే మనమే కులాన్ని మూడు వేల ఏళ్ళు వెనక్కి తీసుకుపోయి దానికి పెద్దరికం ఇచ్చినట్టవుతుంది.

అందుకే మా మాట ఇది. ఈ సమాధుల్లో మనం వెతకాల్సింది వంశాన్ని కాదు, పనిని. తోలు, ఇనుము, రాయి, మట్టి పట్టిన చేతులు ఊరి బయట లేని కాలం ఒకటి ఉండిందని, ఆ చేతులతోనే ఈ నేల మీద వ్యవసాయం, ఆయుధం, ఇల్లు, సమాధి వచ్చాయని ఈ పెట్టెలు సాక్ష్యం చెప్తున్నాయి. ఆ చేతుల్ని తర్వాత ఎవరు, ఎప్పుడు, ఎట్లా ఊరి బయటికి నెట్టారన్నది చరిత్రకు మనం వేసే అసలు ప్రశ్న. తాత ఎవరో తేలితే గౌరవం వస్తుందన్నది పాత కులం లెక్కే. పనికి గౌరవం అడగడం మన లెక్క.

సమాధి అంటే భూమి

చివరగా ఒక మాట. మూడు వేల ఏళ్ళ కిందటి మనుషులు అంత బరువు ఎందుకు మోశారు? ఈ చోటు మాది, మా వాళ్ళు ఇక్కడున్నారు అని చెప్పడానికి. సమాధి అంటే శోకం ఒక్కటే కాదు, నేల మీద హక్కు కూడా.

ఈ సంగతి దళితులకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. శ్మశానానికి జాగా లేక, ఉన్న జాగా కబ్జా అయి, శవాన్ని మోసుకొని ఎవరి చేను గట్టున పోవాలో తెలియక నిలబడ్డ పేటలెన్నో ఉన్నాయి. ఊరందరి గోతులూ తవ్వే చేతులకు తమ గొయ్యి తవ్వుకునే జాగా ఉండదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. వాళ్ళను ఎక్కడో మూలన పూడ్చడానికి బతికున్నవాళ్ళు ఒప్పుకోలేదు. ఊరి నడుమ పూడ్చారు, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. పెద్ద బండలు లేకపోవచ్చు గానీ, ఆ సమాధులు చెప్పిన మాట పాతదే. మేం ఇక్కడున్నాం, మమ్మల్ని లేనట్టు రాయడం కుదరదు.

రాతి సమాధులు ఇప్పుడు వేగంగా పోతున్నాయి. రోడ్డు కంకరకు పోతున్నాయి, ప్లాట్ల కింద చదునవుతున్నాయి. నిధులున్నాయని రాత్రిపూట తవ్వేవాళ్ళు కొందరు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు ఏలేశ్వరం, నాగార్జునకొండ సమాధుల్ని తవ్వి రాసుకున్నారు కాబట్టి నీళ్ళ కింద పోయినా పుస్తకంలోనన్నా మిగిలాయి. ఇప్పుడు పోతున్నవాటికి ఆ పాటి రాత కూడా లేదు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులు పిల్లల్ని ఒక్క పూట ఊరి బీళ్ళలోకి తీసుకుపోవాలి. ఎన్ని వలయాలున్నాయి, ఎంత వెడల్పు, కప్పు బండ ఉందా, కంత ఎటు చూస్తుందో కొలిచి రాయించాలి. తవ్వొద్దు, రాయి కదపొద్దు, కొలతలు చాలు. ఆ రాళ్ళకు ఊళ్ళో ఏం పేరుందో, ఏ కథ చెప్తారో మేకలు కాసే అవ్వనడిగి రాసుకోవాలి. బండ ఎట్లా లేపుతారో వడ్డెర తాతనడగాలి. తిత్తి ఎట్లా కుడతారో మాదిగ పెద్దాయననడగాలి. కుండకు నలుపు ఎట్లా వస్తుందో కుమ్మరి పెద్దమ్మనడగాలి. వాళ్ళు చెప్పేది కథ కాదు, శాస్త్రం. ఆ నోటుపుస్తకం మన చరిత్ర రచనకు మొదటి పేజీ అవుతుంది.

ఆ పేజీ మీద రాకాసి గుళ్ళు అన్న పేరు కొట్టేయాల్సిన పని లేదు, అట్లాగే ఉండనీయండి. దాని కింద ఇంకో వరుస రాద్దాం: ఇవి పనిచేసిన మనుషులు కట్టినవి.